మయసభలో మత్స్యవేట

మయసభను చూడవచ్చిన దుర్యోధనుని పాట్లు తెలుగువారికి క్రొత్త కావు. స్ఫటికపు నేలను నీరని భ్రమించి అతడు వస్త్రాన్ని పైకెత్తి పట్టుకొన్నాడు. తరువాత నిజంగా నీరున్న చోటును నేల అనుకొని, అడుగు వేసి, మడుగులో పడ్డాడు. ఆ పాటుకంటె, దానిని చూచి నలుగురూ నవ్విన నవ్వే అతని గుండెలో లోతుగా నాటుకొన్నది. నీరు నేలగాను, నేల నీరుగాను కనబడే అట్టి సభ కవుల ఊహలో తప్ప ఎక్కడ ఉంటుందని మనకు తోచవచ్చును. కాని భూగోళం ఉత్తరభాగాన ప్రతి శీతకాలమూ ప్రకృతి ఇట్టి సభలను వేలకొలదిగా కడుతూనే ఉన్నది. అక్కడ నీరే నేల. ఆ నేలపై నడచి, దానికి రంధ్రం తొలిచి, అడుగున ఈదే చేపకు గాలం వేసే జనులు లక్షలకొలది ఉన్నారు.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పది ఎకరాలు, అంతకు మించిన వైశాల్యం గల సరస్సులు 11,842 ఉన్నవని లెక్క. డిసెంబరు వచ్చేసరికి వీటిలో చాలవరకు గడ్డకట్టుతవి. వేసవిలో పడవలు తిరిగిన చోట శీతకాలంలో పాకలు వెలసి చిన్న చిన్న పల్లెలు ఏర్పడతవి. లక్షన్నరకు పైగా సరస్సులున్న ఫిన్లండులో ఇది పిల్లలు, ముసలివారు, సకలజనులు పాల్గొనే వినోదం. గడ్డకట్టిన నీటిలో మామూలు గాలం వేసుకొనుటకు అక్కడ సాధారణంగా రుసుము కూడ లేదు. రష్యాలోని బైకాల్ సరస్సు జనవరి నుండి మే వరకు గడ్డకట్టి ఉంటుంది. దక్షిణ కొరియాలోని హ్వచాన్ పట్టణంలో 2003లో ప్రారంభమైన శీతకాలపు పండుగకు గడ్డకట్టిన ఏటిపై చేపలు పట్టుటకే జనం తండోపతండాలుగా వస్తారు. ఉత్తర కెనడాలోని ఇన్యూట్ జాతివారికి మాత్రం ఇది వినోదం కాదు. అనాదిగా వస్తున్న జీవనాధారం.

పైన గడ్డకట్టిన సరస్సులో క్రింద చేప బ్రతికి ఉండుటకు కారణం నీటి స్వభావంలోనే ఉన్నది. ఇతర ద్రవాల వలెగాక నీరు 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అత్యధిక సాంద్రత పొందుతుంది. ఆ నీరు బరువై అడుగునకు దిగుతుంది. అంతకంటె చల్లనిది పైకి చేరి, సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టి తేలుతుంది. పైన ఏర్పడిన ఈ గడ్డ గొంగడి కప్పినట్లు లోపలి వెచ్చదనాన్ని కాపాడుతుంది. పాఠశాలలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

రెండు ప్రశ్నలు

ఈ వేటను గురించి విన్నవారందరూ మొదట వేసే ప్రశ్న ఒకటే: “గడ్డ పగిలి మనిషి మునిగిపోడా?” అది తగిన ప్రశ్నే. క్రొత్తగా ఏర్పడిన స్వచ్ఛమైన గడ్డ కనీసం 4 అంగుళాల మందం లేనిదే దానిపై మనిషి కాలు పెట్టరాదని మిన్నెసోటా ప్రభుత్వం హెచ్చరిస్తుంది. తెల్లగా, నురుగు కలిసినట్లుండే గడ్డకు బలం తక్కువ కనుక రెట్టింపు మందం కావాలి. ఇనుపగునపంతో ముందు పొడిచి చూచి, ఆ తరువాతనే అడుగు వేయుట అనుభవజ్ఞుల పద్ధతి. ఇన్యూట్‌లు ‘తూక్’ అనేదీ, రష్యనులు ‘పెష్న్యా’ అనేదీ ఇట్టి గునపాన్నే. ఫిన్లండులో మెడకు రెండు కూచి మొలల పిడులు వ్రేలాడదీసుకొని మరీ వెళ్తారు; నీటిలో పడితే వాటిని గడ్డ అంచున గ్రుచ్చి పైకి ప్రాకుటకు అవి ఆధారం.

అందరూ మొదటి ప్రశ్న వేస్తారు కాబట్టి దానికి సమాధానాలు కూడ సిద్ధంగా ఉన్నవి. రెండవ ప్రశ్న తట్టేది కొద్దిమందికే: “గడ్డ నన్ను మోస్తుంది సరే, నా కాలు దానిపై నిలుస్తుందా?” అడుగు మందం ఉన్న గడ్డ కారును మోయవచ్చును గాని, దానిపై నడచే మనిషిని నిలబెడతానని హామీ ఇవ్వదు. గడ్డ దృఢంగా ఉన్నదన్న ధైర్యమే చాలమందిని ఏమరుపాటుకు గురిచేస్తుంది. మునుగుట అరుదైన ఆపద. జారిపడుట ప్రతి అడుగునా పొంచి ఉన్న ఆపద. మణికట్టు విరుగుట, చీలమండ మెలిపడుట, తుంటి ఎముక చిట్లుట, తల వెనుకభాగం గడ్డకు కొట్టుకొనుట దీని ఫలితాలు. తీరానికి మైలు దూరంలో, సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉన్న చలిలో, లేవలేక పడిపోయిన వ్యక్తికి విరిగిన ఎముకకంటె క్రింద ఉన్న గడ్డయే పెద్ద శత్రువు. శరీరంలోని వేడిని అది క్షణక్షణమూ లాగివేస్తూ ఉంటుంది.

జారుడు ఎక్కడిది?

గట్టిపదార్థాలలో గాజు కూడ నున్ననిదే, చలువరాయి కూడ నున్ననిదే. పొడిగా ఉన్నప్పుడు అవి ఇంతగా జారవు. మంచుగడ్డ ఎందుకు జారాలి? దీనిపై శాస్త్రజ్ఞులు నూటడెబ్బది సంవత్సరాలకు పైగా ఆలోచిస్తున్నారు. 1850లో లండనులో మైకేల్ ఫారడే రెండు మంచుగడ్డలను ఒకదానికొకటి తాకించినప్పుడు అవి అతుక్కొనుటను చూపి, గడ్డపైన ఎల్లప్పుడూ ఒక పలుచని నీటిపొర ఉంటుందని భావించాడు. 1886లో జాన్ జోలీ స్కేటు అంచు ఒత్తిడివల్ల గడ్డ కరుగుతుందని ఊహించాడు. మన పాఠ్యపుస్తకాలలో చాలకాలంగా కనబడే కారణం ఇదే. కాని బూటు వేసుకొన్న మనిషి బరువు విశాలమైన అడుగుభాగంపై పరచుకొంటుంది. ఆ ఒత్తిడి గడ్డను కరిగించుటకు ఏ మాత్రమూ చాలదు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే పరిశోధకులు రాపిడిలో పుట్టే వేడియే ముఖ్యమని చూపించారు. నేటి శాస్త్రం ఫారడే ఊహకు మళ్ళీ పీటవేసినది. గడ్డ లోపలి అణువులను అన్ని వైపుల నుండీ ఇరుగుపొరుగు అణువులు బిగించి పట్టుకొంటవి. పైవరుస అణువులకు మీదివైపున పట్టుకొనేవారు లేరు. అందువల్ల అవి వదులుగా, ఇంచుమించు ద్రవంవలె కదలుతూ ఉంటవి.

ఉక్కు మంచుగడ్డపై అతి సులభంగా జారేది సున్నాకు సుమారు 7 డిగ్రీలు దిగువన అని 2018లో ప్రకటితమైన పరిశోధన వల్ల తేలినది. స్కేటింగు ఆడేవారికి అది వరం. నడిచేవారికి అన్నిటికంటె చెడ్డది సున్నకు దగ్గరగా, గడ్డపై తడి నిలిచిన సమయం. ఎముకలు కొరికే చలిలో గడ్డ కొంత గరుకుగా ఉంటుంది. ఎండ కాచి, మనస్సుకు హాయి కలిగించే మధ్యాహ్నమే కాలిని మోసగిస్తుంది. శీతకాలాంతంలో పగలు కరిగి, రాత్రి మళ్ళీ గడ్డకట్టిన సరస్సు అద్దమే. దానిపై వ్రేలెడు పొడిమంచు రాలినదా, అద్దంపై తెల్లదుప్పటి పరచినట్లే. ప్రమాదం పోదు, కనబడకుండా పోతుంది.

పడే చోట్లు

పడే చోట్లను పరిశీలిస్తే వాటికొక క్రమం కనబడుతుంది. మొదటిది తీరం. ఒడ్డునుండి సరస్సులోనికి దిగే వాలుపై బండ్ల రాకపోకలవల్ల మంచు నొక్కుకొని నున్నబడుతుంది. సామాను దించే తొందరలో బండి వెనుకభాగం నుండి దూకేవారు అక్కడనే పడుతుంటారు. వాలుపై దిగేటప్పుడు సామాను లాగే జారుడుబండి తనంతట తాను ముందుకు వచ్చి మడమలకు తగులుతుంది. కాబట్టి వాలులో దానిని వెనుక నుంచి త్రాటితో నిలువరిస్తూ దింపవలెను. సమతలంపై లాగేటప్పుడు త్రాడును మణికట్టుకు చుట్టుకొనరాదు. నడుముపట్టీకి తగిలించుకొంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటవి.

రెండవది రంధ్రం. వడ్రంగి బరమా వంటి పెద్ద తొలుపుతో ఆరు మొదలు పది అంగుళాల వెడల్పున గడ్డను తొలుస్తారు. అప్పుడు మంచుపిండితో కలిసిన నీరు చుట్టూ పొంగుతుంది. కొద్దిసేపటికే అది గడ్డకట్టి రంధ్రం చుట్టూ నున్నని అరుగు ఏర్పడుతుంది. వేటగాడు గంటలతరబడి నిలిచేదీ, వంగేదీ, లేచేదీ ఆ అరుగు మీదనే. తెలిసినవారు మన వంటింటి చిల్లులగరిటె వంటి సాధనంతో ఆ పిండిని ఎప్పటికప్పుడు తీసి దూరంగా పారవేస్తారు. నిలిచే చోట ఇసుకో, రబ్బరు చాపో పరుస్తారు. ఎర చేపలున్న బాల్చీని నిండుగా మోయరు. తొణికిన నీరు బూటు అడుగున గడ్డకడితే ఆ బూటు అక్కరకు రాదు. నిన్నటివారు తొలిచి విడిచిన రంధ్రాలు మరొక చిక్కు. పైన పలుచని పొర కట్టి, మంచు కప్పి, అవి కాలికోసం కాచుకొని ఉంటవి. పాదం అందులో దిగబడి, దేహం ముందుకు తూలితే చీలమండో మోకాలో దెబ్బతినక తప్పదు. అందుకే పెద్ద రంధ్రం విడిచివెళ్ళేవారు అక్కడ కొమ్మనో కర్రనో గుర్తుగా నిలుపుట మర్యాద. తరువాత వచ్చే అపరిచితునిపై చూపే దయ అది.

మూడవది పాక. లోపల కుంపటి వెలుగుతుంది, అడుగున గడ్డ కరుగుతుంది, నేల చిత్తడి అవుతుంది. గాలి ఆడని పాకలో కుంపటినుండి వెలువడే కార్బన్ మోనాక్సైడు రంగూ వాసనా లేని విషం. తలతిరిగి తూలిన మనిషి కాలు జారినదనుకొంటాడు గాని, జారినది ప్రాణవాయువు. గాలి వచ్చిపోయే సందు ఉంచుట శ్వాసకే గాక అడుగుకు కూడ రక్ష. చలికి విరుగుడని మద్యం సేవించుట మరొక దురభ్యాసం. అది చర్మంలోని రక్తనాళాలను విప్పి వెచ్చదనపు భ్రాంతిని కలిగిస్తుంది, దేహంలోని వేడిని బయటకు తరలిస్తుంది, నిలకడను హరిస్తుంది.

జెండా లేచిన వేళ

ఇన్నిటికంటె బలమైన శత్రువు మనిషి లోపలనే ఉన్నది. ఈ వేటలో ‘జెండా గాలం’ అనే చిన్న ఉపకరణం కలదు. రంధ్రంపై అడ్డంగా అమర్చిన చట్రానికి దారపు చుట్ట, దానికి బిగించి వంచిన స్ప్రింగు, ఆ స్ప్రింగు కొనన చిన్న జెండా ఉంటవి. చేప ఎరను లాగగానే స్ప్రింగు విడివడి జెండా పైకి లేస్తుంది. మిన్నెసోటా చట్టం ప్రకారం శీతకాలంలో ఒక్కొక్కరు రెండు గాలాలు వేయవచ్చును. జెండా గాలానికి 200 అడుగులలోపు ఉండవలెను. అంటే ఒక రంధ్రం వద్ద కూర్చున్న మనిషికి రెండవ రంధ్రం 200 అడుగుల దూరంలో ఉండవచ్చును. గంటలతరబడి కదలక, చలికి కీళ్ళు బిగిసి కూర్చున్నవాడు ఒక్కసారిగా జెండా చూస్తాడు. “జెండా!” అని ప్రక్కవాడు కేక వేస్తాడు. ఇక గడ్డ గుర్తుండదు, వయస్సు గుర్తుండదు. లేచి పరుగెత్తుతాడు.

ఆ పరుగులోనే ఎందరో పడ్డారు. నిజానికి ఆ తొందర అక్కరలేనిది. ఎరను నోట కరచిన చేప చుట్టలోని దారాన్ని లాగుకొంటూ పోతుంది. దారం ఉన్నంతవరకు చేప ఎక్కడికీ పోదు. నిదానంగా నడచి వెళ్ళినవానికి కూడ అది అందుతుంది. ఒకవేళ తప్పించుకొన్నా, పోయినది ఒక్క చేప. పరుగెత్తి పడినవానికి పోయేది ఆ శీతకాలమంతా. వృద్ధుడైతే ఆ తరువాతి స్వేచ్ఛాజీవనం కూడ. తుంటి విరిగిన వృద్ధులలో అనేకులు మునుపటి వలె నడవలేరన్నది వైద్యులందరూ ఎరిగిన సత్యం.

సంధ్యవేళ ఈ ఆపద ఇంకా పెరుగుతుంది. మినియాపొలిస్ ప్రాంతంలో డిసెంబరు నెలలో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. అక్కడివారు ఎంతో ప్రీతితో వేటాడే ‘వాలై’ చేప మసకవెలుతురులోనే ఎక్కువగా మేతకు వస్తుంది. వేట బాగా సాగే సమయమూ, చూపు మందగించే సమయమూ ఒకటే. దినమంతా చలిలో అలసిన కాళ్ళతో, చీకటిలో, సామాను మోసుకొని తిరుగుప్రయాణం. నుదుట కట్టుకొనే దీపం ఆ సమయంలో ప్రాణమిత్రుడు.

నడకను మళ్ళీ నేర్చుకొనుట

నేలపై మనం మడమను ముందు ఆన్చి, కాలిని చాచి నడుస్తాము. అట్టి అడుగు నేలను ఏటవాలుగా ముందుకు నెట్టుతుంది. నేల గరుకుదనం ఆ నెట్టును ఆపుతుంది. మామూలు నడకకు ఘర్షణ గుణకం సుమారు 0.2 ఉండవలెనని లెక్క. తడిసిన మంచుగడ్డపై రబ్బరుకు అందులో నాలుగవ వంతైనా తరచు దొరకదు. కనుక అక్కడ నడకనే మార్చుకొనవలెను. కెనడా, జర్మనీ మొదలైన దేశాలలో ఇచ్చే ఉపదేశం “పెంగ్విను వలె నడువుము” అని. పాదాలు కొంచెం ఎడంగా, వ్రేళ్ళు కొంచెం వెలుపలికి, మోకాళ్ళు కొద్దిగా వంచి, చిన్న చిన్న అడుగులు వేయవలెను. మడమ గాని మునివ్రేళ్ళు గాని ముందు ఆనక, పాదమంతా ఒక్కసారే గడ్డపై మోపవలెను. దేహభారం ముందు పాదంపై నిలిచిన తరువాతనే వెనుకపాదం ఎత్తవలెను. చేతులు జేబులలో ఉండరాదు. అవే తుల్యతను కాపాడే తక్కెడ పళ్ళేలు. గునపమో, ముల్లు దిగవేసిన చేతికర్రో మూడవ కాలుగా పనిచేస్తుంది.

బూట్ల అడుగున తగిలించుకొనే ఉక్కుముళ్ళ పట్టీలు ఈ నడకకు గొప్ప తోడు. ముళ్ళు వ్రేళ్ళ క్రిందనే గాక మడమ క్రింద కూడ ఉండవలెను; వెనుకకు జారేవాడు మడమపైనే జారుతాడు. వాటిని బండిలో కూర్చొని, నేలపై దిగకముందే తొడుగుకొనవలెను. గడ్డపైకి చేరి, ఒంటికాలిపై నిలిచి తొడుగబోవుట నూతిలో పడిన తరువాత చేద వెదకినట్లు ఉంటుంది. ఐతే ఈ ముళ్ళే కాంక్రీటు మీద, నున్నని పలకల మీద ఎదురుతిరిగి జారుతవి. అంగడిలోనికి, ఇంటిలోనికి వెళ్ళేముందు విప్పవలెను. బరమా అలుగుకు, గాలాలకు, కత్తికి తొడుగు లేకుండ నడువరాదు. పడినప్పుడు అవి ఎవరి పక్షమూ వహించవు.

పడుట, లేచుట

ఎంత జాగ్రత్త ఉన్నా ఏదో ఒకనాడు కాలు జారకమానదు. అప్పుడు చేతిలోనిది ఎంత విలువైనదైనా విడిచివేయవలెను. దేహం వెనుకకు పోతున్నదని తోచగానే గడ్డాన్ని రొమ్ముకు ఆన్చుకొంటే తల వెనుకభాగం రక్షింపబడుతుంది. మోకాళ్ళు వంచి, ప్రక్కకు ఒరిగి, కండగల పిరుదుపై కూలబడుట మేలు. చాచిన అరచేతిపై బరువంతా వేయరాదు. అట్లు విరిగే మణికట్టు ఎముకను గురించి డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కోలీస్ 1814లోనే వర్ణించాడు. నేటికీ ఆ విరుపును ఆయన పేరుతోనే పిలుస్తారు.

పడిన మనిషి మొదట చేసే పని ఒక్కటి ఉన్నది. అతడు తన కాలిని చూచుకొనడు, చుట్టూ చూస్తాడు. ఎవరైనా నవ్వుతున్నారా? ఆ సిగ్గుతో చటుక్కున లేస్తాడు. విరిగిన ఎముక మరింత కదలేదీ, తల తిరిగి రెండవసారి పడేదీ అప్పుడే. దుర్యోధనుని చెరిచినది మడుగు కాదు, నవ్వు. ఈ మయసభలో కూడ అంతే. పడినవాడు క్షణకాలం అట్లే ఉండి, ఊపిరి తీసుకొని, చేతులూ కాళ్ళూ మెల్లగా కదిపి చూచుకొనవలెను. అన్నీ కుదురుగా ఉంటే ప్రక్కకు తిరిగి, చేతులపైనా మోకాళ్ళపైనా లేచి, ఒక పాదాన్ని రెండు చేతుల నడుమ ఆన్చి, ఆ తరువాత నిలువవలెను. చూచినవారు నవ్వకుండుట ఇక్కడ మర్యాద మాత్రమే కాదు, చికిత్స.

లేవలేనివానిని బలవంతంగా లేపరాదు. అతని క్రింద చాపో, గొంగడో నేర్పుగా చొప్పించి, పైన కప్పి, సహాయానికి కబురు చేయవలెను. తలకు దెబ్బతగిలిన తరువాత వాంతి, మగత, తికమక మాటలు, తగ్గని తలనొప్పి కనబడితే, కొన్ని గంటలు గడచిన తరువాతనైనా సరే, వైద్యుని వద్దకు చేర్చవలెను. రక్తం పలుచబడుటకు మందులు వాడేవారి విషయంలో ఆలస్యం అసలే పనికిరాదు. ఈ ఏర్పాటంతటికీ మూలం ఒక్కటే: ఒంటరిగా వెళ్ళకుండుట. ఏ సరస్సుకు, ఏ వైపునకు వెళ్తున్నదీ, ఎప్పుడు తిరిగివచ్చేదీ ఇంటివారికి చెప్పవలెను. చలికి సెల్‌ఫోను బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కనుక దానిని రొమ్ముకు దగ్గరగా లోపలి జేబులో ఉంచుకొనవలెను. మెడలో ఒక ఈల ఉంటే మరీ మంచిది.

చదువులకు, ఉద్యోగాలకు మినియాపొలిస్, టొరాంటో వంటి నగరాలకు వెళ్ళిన తెలుగు యువకులలో చేపలవేటకు వెళ్ళేవారు కొద్దిమందే కావచ్చును. ఐనను మొదటి శీతకాలంలోనే ఇంటిముందరి మెట్లపైనా, బండ్లు నిలిపే ఆవరణలోనూ ఈ అద్దపు నేల వారికి ఎదురవుతుంది. సరస్సుపై వేటగాడు నేర్చిన నడక వీధిలో విద్యార్థికి కూడ పనికివస్తుంది.

కాలు జారితే తీసుకోవచ్చును గాని నోరు జారితే తీసుకోలేమని మన సామెత. గోదావరి రేవులలో పాచిమెట్లపై జారి, చీరకుచ్చెళ్ళు దులుపుకొని లేచిన అనుభవంనుండి పుట్టిన మాట కాబోలు అది. గడ్డకట్టిన సరస్సుపై ఆ సామెత మొదటి సగం చెల్లదు. అక్కడ జారిన కాలిని తిరిగి తీసుకొనుట అన్నివేళలా సాధ్యం కాదు. అందుకే అక్కడి పెద్దలు జెండా లేచినప్పుడు కూడ లేచి, కాలు కూడదీసుకొని, చిన్న చిన్న అడుగులతో నడచిపోతారు. చేప వారికోసం ఆగుతుంది. ఆగకపోతే, రేపు మరొక చేప వస్తుంది.